తమ్ముడి రక్తం

ల్యాబు ముందు బెంచీ మీద భార్యాభర్తలు కూర్చున్నారు. ఆమెకు మూడో నెల. ఆమె రక్తంలో తలసీమియా లక్షణం ఉందని తేలాక, భర్తకూ పరీక్ష చేయించమన్నారు డాక్టరమ్మ. ఆ ఫలితం ఇప్పుడే చెప్పారు.

“మీకేం లేదట. గుండెల మీంచి బండ దించినట్టుంది. ఇద్దరికీ ఉంటే, పుట్టే బిడ్డకు జీవితాంతం రక్తం ఎక్కించాల్సి రావచ్చన్నారు కదా.”

“ఊఁ.”

“పొద్దున రక్తం ఏ చేతికి తీశారు? నాకింకా నొప్పిగానే ఉంది.”

“కుడి... కాదు, ఎడమ.”

“ఏదీ, చూడనివ్వండి. సూది గుర్తే లేదే?”

అతను చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

“నా పేరుతో తమ్ముణ్ణి పంపాను. ఒకే తల్లి కడుపున పుట్టాం, ఎవరి రక్తమైతే ఏంలే అని.”

“సూదంటే అంత భయమా?”

“సూది కాదు. మొన్న భోజనాల దగ్గర, దోషమంతా మీ పుట్టింటి రక్తంలోనే ఉందన్నాను. నాలోనూ ఉందని తేలితే వాళ్ళకు మొహం ఎలా చూపించను?”

“వాళ్ళ సంగతి సరే. ఈ కడుపులో ఉన్నదానికి ఎలా చూపిస్తారు?”

అతనికి తల కొట్టేసినట్టయింది. లేచి, చొక్కా చెయ్యి మడుచుకుని, ల్యాబు గుమ్మం దగ్గర ఆగాడు.

“నువ్వూ లోపలికి రావా?”

“మీ తమ్ముణ్ణి పిలుచుకోండి,” అంటూనే ఆమె బెంచీ మీంచి లేచింది.