స్క్రీన్ బందు చేసింది నేనే

నా పేరు జమున. తండ్రి రాజనర్సు. వయసు ఇరవై ఎనిమిది. నాంపల్లి రైల్వే స్టేషన్ దగ్గర కిరాయి రూంల ఉంటున్న. నాకు పుట్టుకతోనే చూపు లేదు. నా లెక్కనే చూపు లేనోళ్లకు కంప్యూటర్ నేర్పుతా. పోలీస్ స్టేషన్ల ఎస్సై సార్ అడిగితె చెప్తున్న. నేను చెప్పినట్లే రాయమన్న, సక్కగ చేసి రాయొద్దన్న.

ఒక సర్కారు ఆఫీసుల కంప్యూటర్ ఆపరేటర్ పోస్టు పడ్డది. చూపు లేనోళ్లకే రిజర్వు. అప్లికేషన్ వెబ్‌సైట్‌లనే పెట్టాలె, ఇయ్యాల సాయంత్రం ఆరు దాకనే టైం. స్క్రీన్ మీదున్నది నా కంప్యూటర్ సదివి ఇనిపిస్తది. వివరాలన్ని నేనే నింపిన. ఆఖరుకు ఒక బొమ్మ వస్తది. అండ్ల ఉన్న అక్షరాలు చూసి కొట్టాలెనట. బొమ్మను కంప్యూటర్ సదవదు. పక్కన ఆ అక్షరాలు ఇనే బటన్ ఉండాలె, లేదు. చూపు లేనోళ్లకు ఇచ్చిన పోస్టుకు చూసి కొట్టాల్నా? ఎవని తెలివి సార్ ఇది? ఇది గూడ రాయున్రి.

ఆ వెబ్‌సైట్ చేసిన కంపెనీకి మెయిల్ పెట్టిన. మళ్ల పెట్టిన. మళ్ల పెట్టిన. "ఇంట్లో ఎవరితోనైనా నింపించుకోండి" అని ఒక్క జవాబొచ్చింది. అందుకే మధ్యాహ్నం మూడు గంటలకు అబిడ్స్‌ల ఉన్న ఆ కంపెనీకి నేనే పోయిన. మేనేజర్ కరుణాకర్ కూసోబెట్టి చాయ్ గూడ ఇచ్చిండు. "ఇనే బటన్ పెట్టున్రి సార్" అన్న. "ఒక్కరిద్దరి కోసం ఏం పెడ్తమమ్మా? నువ్వు చెప్పు, నేను కొడ్త" అన్నడు. నాకు కడుపు మండింది. సొంత అప్లికేషనే పెట్టుకోరాదు, ఇంక ఆపరేటర్ పనేం చేస్తది అని రేపు ఎవడన్న అంటే?

టేబుల్ తడిమిన. ఆయన కంప్యూటర్ స్క్రీన్ బటన్ దొరికింది, బందు చేసిన. "ఇప్పుడు మీరు కొట్టున్రి సార్" అన్న. "ఏం కనవడ్తలేదు" అన్నడు. "ఇంట్ల ఎవర్నన్న పిలిపించుకోన్రి" అన్న. వాచ్‌మన్‌ను పిలిచిండు. అతను నా రెక్క పట్టి గుంజితె, నా చెయ్యి తాకి స్క్రీన్ కింద వడి పగిలింది. నేనే పగలగొట్టిన అని కరుణాకర్ కంప్లైంట్ ఇచ్చిండు. పగలగొట్టలే. బందు చేసిన.

కరుణాకర్ గీడనే కుర్సీల ఉన్నడు. తప్పైందని మాఫీ కాయితం రాసిస్తె కంప్లైంట్ వాపస్ తీసుకుంటడట. నా అప్లికేషన్ తన ఫోన్ల కొట్టిస్తడట. ఇంక పావుగంటనే ఉన్నదట. "ఒప్పుకోమ్మా, నౌకరి పోతది" అంటున్నడు ఎస్సై సార్. నాకు తెల్వదా సార్? గీ పోస్టు కోసమే రెండేండ్ల సంది సదువుతున్న. ఏడుపొస్తున్నది, అది గూడ రాయున్రి. మాఫీ రాయను. ఆయన ఇచ్చిన కంప్లైంట్ అట్లనే ఉండనీ. కేసు కోర్టుకు పంపున్రి. జడ్జి ముందట గదే వెబ్‌సైట్ తెరిపిస్త, గదే బొమ్మ కాడ ఆగుత.

రాసింది సార్ సదివి ఇనిపించిండు. నేను చెప్పినట్లే ఉన్నది, ఒక్క ముక్క అబద్ధం లేదు. వేలిముద్రకు ఇంకు డబ్బా తెచ్చిన్రు, తీసెయ్యమన్న. నాకు రాయొస్తది. ఆరు దాటింది. సంతకం పెడ్తున్న.

(సంతకం) ఆర్. జమున