రెండు ఒడ్ల గోలీలూ బల్ల మీద పెట్టించిన రాజుబాయి సిస్టర్

“ఈమె నోటికి ఈమెను ఇక్కడ ఎవలుండనిస్తరు? ఎవలతోనన్న దెబ్బలు తింటది!” 1975 జూన్ 16న శ్రీమతి రాజుబాయి గారు గోదావరి ఒడ్డున ఉన్న సిరొంచ దవాఖానలో నర్సుగా చేరిన నాడు, మురికి పక్కబట్టలు చూసి ఆమె వేసిన కేకలకు భయపడి ఆయా సత్తవ్వ అన్న మాట ఇది. ఆమె పదవీ విరమణ సంచికకు ఆ సత్తవ్వే ఈ అభినందన రాస్తున్నది.

పెర్మిలిలోనూ, అల్లపల్లిలోనూ, తిరిగి సిరొంచలోనూ రాజుబాయి గారు ముప్పైనాలుగేండ్లు నిస్వార్థ సేవలందించినారు. పోయిన చోటికల్లా తమ కోపాన్నీ వెంట తీసుకపోయినారు. ఆ కోపం విలువ సత్తవ్వకు నిరుడు వానకాలంలో తెలిసింది.

సత్తవ్వ కొడుకు సునీల్‌కు పార్శ్వనొప్పి. మందుల దుకాణం వాడు ఒక్క మాటా అడగకుండా గోలీలిచ్చినాడు. కొద్దిరోజులకే కాలివేళ్ళు చల్లబడి నీలమెక్కినాయి. “కాలు తీసేస్తరు, నా కొడుకు బతకడు” అని సత్తవ్వ ఏడుస్తుంటే, రాజుబాయి గారు సునీల్ మీద గర్జించినారు.

“ఇంకేం మింగుతున్నవ్‌రా?”

“ఏం మింగడు సిస్టర్, తలనొప్పిదొక్కటే,” అన్నది సత్తవ్వ.

“నిన్నడిగిన్నా? కన్నవు గని, వాడు మింగేది నీకెట్ల ఎర్క? నడువు బయటికి!”

తలుపు మూసుకున్నది. గుట్టు బయటపడకుండా గోదావరి దాటి మందులు తెచ్చుకునేవారిని రాజుబాయి గారు ఎందరినో చూసినారు. ఆమె కేక తలుపు దాటి వినబడ్డది: “ఈ ఒడ్డున తలకాయకు తెచ్చినవ్. ఆ ఒడ్డున దేనికి? సిగ్గు నీ దగ్గరనే ఉంచుకో, గోలీలు బల్ల మీద పెట్టు!”

గోలీలు చూసిన డాక్టర్ అరుణ్‌కుమార్ గారు వెంటనే సునీల్‌ను జీపులో గడ్చిరోలి పెద్ద దవాఖానకు పంపించినారు. కాలు దక్కింది. చిటికెన వేలు పోయింది.

ఆ ఒడ్డున తెచ్చుకున్న రెండో గోలీ హెచ్ఐవి మందని రాజుబాయి గారు తల్లికి కూడా చెప్పలేదు. కోలుకున్నాక కొడుకే చెప్పుకున్నాడు. ఆ మందుతో కలిస్తే ఆ పార్శ్వనొప్పి గోలీ ఒంట్లోంచి పోక పేరుకొని, రక్తనాళాలను బిగదీస్తుందట. అడగకుండా అమ్మినవాడికి శిక్ష లేదు. రోగమొచ్చిన మనిషిని నది దాటి దాక్కునేటట్టు చేసిన మనకూ లేదు. ఈ సంచికలో పూలదండల వంటి మాటలు చాలా ఉంటాయి. సత్తవ్వకు మాత్రం ఇంకా ఒళ్ళు మండుతూనే ఉన్నది.

రాజుబాయి గారు ఆయురారోగ్యాలతో, మనుమలతో, ఆ గొంతు ఏమాత్రం తగ్గకుండా నూరేండ్లు వర్ధిల్లాలి.

ఇంతవరకు రాసి సత్తవ్వ కొడుక్కు చదివి వినిపించింది. “జనం ఏమంటరో బిడ్డా. నీ పేరు కొట్టెయ్యన్నా?”

సునీల్ కాలు వైపే చూస్తూ కూర్చున్నాడు.

“ఉండనీ అవ్వా. సిస్టర్ అడిగినప్పుడు జల్ది చెప్తే చిటికెన ఏలన్న దక్కేది. ఇప్పుడన్న చెప్పనియ్యి.”