ఆ బంతినారు నాటింది నేనే

పెద్దలందరికీ నమస్కారం. పని ఆపుకుని వచ్చిన నర్సమ్మలకు, వార్డు అన్నయ్యలకు, బట్టలుతికే గదిలోని అక్కలకు నమస్కారం. మొన్న గురువారం పోయిన ఈ ఆస్పత్రి తోటమాలికి నేను కోడలిని. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. నలుగురిలో ఎప్పుడూ మాట్లాడలేదు. కాగితం మీద రాసుకొచ్చాను. కోడి గీకినట్టుంటుంది నా రాత, తప్పులూ ఉన్నాయి. తడబడితే మన్నించండి.

మన వెనకున్న ఈ వాలు ఒకప్పుడు బోడిగా ఉండేదట. వానొస్తే బురద వార్డు మెట్లెక్కేదట. మామయ్య ఏం చేశారు? గోనెసంచి కప్పుకుని జోరువానలో వాలంతా తిరిగారు. నీళ్ళు పారిన చోటల్లా పుల్ల గుచ్చారు. తెరిపిచ్చాక, ఆ పుల్లల వెంట వాలుకు అడ్డంగా వరసలు వరసలుగా, వేళ్ళతో మట్టిని పట్టి ఉంచే వట్టివేరు గడ్డి నాటారు. “నీళ్ళని ఆపలేమమ్మా, నెమ్మదిగా నడిపించుకోవాలి” అనేవారు.

అలాంటి మనిషిని మీరు “జారుడు తాతా” అని పిలిచేవారు. ఆరేళ్ళ కిందట వాలు ఒకచోట జారి బట్టల గది తలుపుదాకా మట్టి వచ్చింది కదా, అప్పటినుంచి. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఎందుకు ఊరుకున్నారో ఈరోజు చెప్పాలి. మా ఆయనకు కూడా ఈ సంగతి తెలియదు.

అప్పుడు నేను కొత్తకోడలిని. మామయ్యకు జ్వరమొచ్చి మంచమెక్కారు. లేచేసరికి మెప్పు పొందాలని, ఎండినట్టున్న ఆ వట్టివేరు గడ్డిని కలుపనుకుని, రెండు వరసలు గునపంతో పెళ్ళగించి బంతినారు నాటాను. వారం తిరక్కముందే వాన. బంతి, మట్టి అన్నీ కిందికొచ్చాయి.

మేనేజరుగారు అందరి ముందూ “ముసలాడివయ్యావు, పని మరిచావు” అని కసిరారు. నేను తలుపు చాటున నిలబడి అంతా విన్నాను. మామయ్య నా వైపు చూడనైనా చూడలేదు. “అవునయ్యా, పొరపాటు నాదే” అన్నారు.

ఇంటికొచ్చి నాతో అన్నదల్లా ఒక్కటే. “బంతి మంచిదే తల్లీ, చోటే కుదరలేదు. రేపు నాతో రా.”

వెళ్ళాను. ఆ రెండు వరసలూ నా చేతే మళ్ళీ నాటించారు. మిగిలిన బంతినారుకు మా గుమ్మం పక్కన మడి కట్టింది కూడా ఆయనే. అందరికీ నిజం చెప్పేస్తానని ఎన్నిసార్లు అడిగానో! “గట్టిపడ్డ నేల, మళ్ళీ ఎందుకమ్మా తవ్వడం” అనేవారు.

మామయ్యా, ఈ ఒక్కసారి మీ మాట మీరాను. అయ్యా, అమ్మా, ఆ పేరు నాకు రావలసింది. ఆయనకు తీసెయ్యండి.

వాలు ఎక్కేముందు ఆయన చెప్పులు విడిచేవారు. మట్టి కదిలితే కంటికన్నా ముందు పాదానికి తెలుస్తుందట. మనమిప్పుడు కూర్చున్నది ఆనాడు మట్టి జారిపడిన చోటే. నిన్నంతా వాన కురిసింది. అందరూ చెప్పులు విడిచి లేవండి. రెండు నిమిషాలు మాటల్లేకుండా నిలబడదాం. నేల కదులుతోందేమో మీ పాదాలనే అడగండి.