ఆగస్టు పని

కడుపు పోయి, ఆస్పత్రి నుంచి ఆమదాలవలస వచ్చిన మర్నాడే కృపారాణి లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఇంట్లోనే ఉండి ముగ్గురు క్లయింట్లకు పుస్తకాల ప్రూఫులు దిద్దే పని ఆమెది. భర్త పక్కనే నిలబడ్డాడు.

"డాక్టరమ్మ పడుకోమంది కదే?"

"ముగ్గురికీ ఇయ్యాలే పంపాలి బావా."

"ఒంట్లో బాగోలేదని సెప్పు."

"ఒకాయనకి సెప్పాను. జాగ్రత్తమ్మా, సాయంత్రానికి పంపీ అన్నాడు."

"మిగతా ఇద్దరికీ నాను సెప్తాను. ఫోనియ్యి."

"ఏటని సెప్తావు?" అంటూ ఆమె ఫోన్ ముందుకు చాపింది.

అతను ఫోన్ తీసుకోలేదు.

"ఆగస్టులో పురుడు, పని వద్దని అందరికీ ముందే సెప్పీసినాను కదా," అంది ఆమె, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇప్పుడు ఆగస్టులో కూడా ఖాళీయేనని మెయిల్ పెట్టాను."

"ఏటన్నారు?"

"సాలా సంతోషం అన్నారు."