అవ్వ మొక్కిన హీరో

తాండూరులో అవ్వ ఇంట్లో మనవరాలు స్టూలెక్కి గోడ మీది ఫోటో అందుకోబోయింది. పాత హాలీవుడ్ తారల ఫోటోలు సేకరించడం ఆమెకు పిచ్చి. వికారాబాద్ బండికి ఇంకా అరగంటే ఉంది.

“అవ్వా, తాత టాకీసుల పనిచేసినప్పుడు తెచ్చిన ఫోటోలన్నీ నా దగ్గరున్నయి. గీ ఒక్కటే తక్కువ. తీసుకపోనా?”

“ఏసయ్యను తీసుకపోతవా? చిన్నప్పుడు నీకు జరమొస్తే గీయన ముందటనే మోకరించిన.”

“ఏసయ్య కాదవ్వా. ఏసయ్య వేషమేసిన హాలీవుడ్ హీరో. కింద ఇంగ్లీషుల సంతకం సూడు.”

“నలభై ఏండ్లాయె! మరి నా ప్రార్థనలన్నీ యాడికి పోయినయే?”

“పోయే కాడికే పోయినయి. నా జరం తగ్గలేదా?”

“తగ్గింది. గా హీరో ఉన్నడా?”

“ఎప్పుడో చచ్చిపోయిండు.”

“అయ్యో పాపం! మీ తాత తాగుడు, మీ అత్త లొల్లి, నా మోకాళ్ల నొప్పి, అన్నీ ఆయనకే చెప్పుకున్న. ఎంత పరేషాన్ అయిండో!”

“అవ్వా, బండికి టైమైతుంది. నీకు అసలు ఏసయ్య ఫోటో మంచిది తెచ్చిస్త.”

“తే బిడ్డ. గీయన పక్కకే తగిలిద్దాం.”

“పక్కకా? మరి నాకు?”

“ఇన్నేండ్లు నా బాధలు ఓపికతోని ఇన్నోన్ని ఎట్ల ఎల్లగొడుదు?”

మనవరాలు ఫోటో మీది దుమ్ము కొంగుతో తుడిచి, స్టూలు దిగింది.