సర్వర్ నెత్తిన పచ్చ పొట్లం

తైవాన్‌లోని కీలుంగ్ రేవు. దీవులకు పోయే పడవల టికెట్ల కార్యాలయంలో కొనుగోళ్ల అధికారి కో గారు ఆసీనులై ఉన్నారు. యంత్రాల బాధ్యురాలు హౌ పెయ్‌షన్ కొత్త బోర్డులు కొనే కాగితం మీద సంతకం కోసం నిలిచి ఉంది.

"యంత్రం నెత్తిన పసుపు పొట్లం పెట్టి ఉంటావు. అందుకే సర్వర్ ఆగింది."

"ఆకుపచ్చదే పెట్టానండీ. కొబ్బరి రుచి చిరుతిండి."

"గడువు దాటిందేమో."

"వచ్చే ఏడాది దాకా ఉంది. కో గారూ, సంగతి పొట్లం కాదు. ఈ నెలలో మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ జనం రేవులో వానకి తడిశారు. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఆవిరి బన్నుల్లా ఉబ్బాయి."

"ఉబ్బితే పుష్టిగా ఉందన్నమాట. ఏడేళ్లు నడిచిందా లేదా?"

"నడిచింది."

"ఏడేళ్లూ నెత్తిన పొట్లం ఉందా లేదా? అదుంటే యంత్రం బుద్ధిగా ఉంటుంది. పచ్చదై ఉండాలి, గడువు దాటకూడదు, ఎవరూ తినకూడదు. ఈ మూడూ పాటించని సర్వర్ ఈ దేశంలో ఎక్కడైనా నిలబడిందా?"

"ఆ బోర్డు ఇంట్లో ఆటలాడుకునేవాళ్ల కోసం చేసిందండీ. రేయీపగలూ నడవడానికి కాదు. నేను రాసింది చూడండి. సర్వర్‌కి కొత్త బోర్డు, మెమరీలో చిన్న తప్పు దొర్లితే తానే దిద్దుకునే రకం. ఆఫీసు కంప్యూటర్లు ఇరవైకీ ఒకటే నమూనా, ఒకదాని భాగం ఇంకోదానికి సరిపోతుంది. అయిదేళ్ల దాకా అదే బోర్డు దొరుకుతుందని రాసిచ్చారు కూడా."

"రంగుదీపాలున్నాయా?"

"లేవు."

"మరి చైర్మన్ గారికి ఏం చూపిస్తాం? ఇదిగో, రంగుదీపాల బోర్డు, ఈ బొమ్మ చూడు. పురి విప్పిన నెమలిలా ఉంది."

"చైర్మన్ గారు సర్వర్ పెట్టెలోకి తొంగిచూడరండీ."

"దీపముంటే చూస్తారు. సరే, వాదనెందుకు. పొట్లం విషయంలో అశ్రద్ధ చేశానని సంజాయిషీ రాసివ్వు. రేపు సమావేశంలో చదువుతాను."

"అది చదివితే నా ఉద్యోగం పోతుంది."

"నన్నేం చేయమంటావు? ఎవరో ఒకరు రాయాలిగా. యంత్రానికి సంజాయిషీ రాయడం రాదు."

"సరే, రాస్తాను. పొట్లం కూడా పట్టుకొస్తాను. అందరి ముందూ తేదీ చదువుదాం."

"చదువుదాం... పట్టుకురావడం ఎందుకు?"

"రుజువుకి."

"కదపకూడదు. కదిపితే అపచారం."

"ఆగిపోయిన యంత్రానికి ఇంకేం అపచారమండీ? ఇప్పుడే తెస్తాను."

"ఆగు, ఆగు. కూర్చో అమ్మాయ్. టీ తాగు."

"వచ్చినప్పట్నుంచీ నిలబెట్టే ఉంచారు."

"అందుకే కూర్చోమంటున్నా. ఆ పొట్లం... ఎత్తి చూశావా?"

"ఎత్తి చూడాలా?"

"వద్దు, వద్దు."

"మొదటిసారి ఆగిన రోజు సర్వర్ గదిలోకి ఎవరెవరు వెళ్లారో తలుపు దగ్గర నమోదై ఉంటుంది. ఆ కాగితం కూడా తెస్తాను."

"నేను చల్లగాలి కోసం వెళ్లాను. ఆ రోజు సమావేశం మూడింటి దాకా తెమల్లేదు, భోజనం చూస్తే..."

"మీరు వెళ్లారని నేననలేదండీ."

"అనలేదు. అవును, అనలేదు. ఇంతకీ ఆ బోర్డు, తన తప్పు తానే దిద్దుకుంటుందన్నావు?"

"పని ఆపకుండా, రచ్చ చేయకుండా."

"మంచి గుణం. చాలా మంచి గుణం. చూడు, కెపాసిటర్లు ఉబ్బాయన్నావే, అదే కారణం. మధ్యలో పొట్లం ఏం చేసింది పాపం? కలం ఇటివ్వు."

"మరి నా సంజాయిషీ?"

"బోర్డుకి ముసలితనం వచ్చిందని నేనే రాస్తాను. ఇదిగో సంతకం. అడుగున ఇదేమిటి? పచ్చ పొట్లాలు, రెండు? సర్వర్ ఒకటేగా."

"ఒకటి సర్వర్ నెత్తికి. రెండోది మీ సొరుగులోకి, భోజనం ఆలస్యమయ్యే రోజులకి."