ఆదివారం పొగాకు

వర్జీనియాలో జేమ్స్ నది రేవు. ఓడకి పొగాకు పీపాలు ఎక్కిస్తున్నారు. ఓడ ఖర్చుకి బదులు కొన్నేళ్ళ చాకిరీకి ఒప్పుకుని ఇంగ్లండు నుంచి వచ్చిన మనిషి టామ్సిన్. ఆమె గడువు తీరడానికి ఇంకా రెండేళ్ళుంది. అలాగే వచ్చిన గైల్స్ నిరుడే గడువు తీర్చుకుని తన బతుకు తాను బతుకుతున్నాడు.

"తిన్నగా చెప్పు గైల్స్. దొర ఒప్పుకున్నాడా, లేదా?"

"ఒప్పుకున్నాడనే చెబుతున్నా కదా. రేపట్నుంచి నువ్వు ఆయన పొలంలో పార పట్టక్కర్లేదు."

"ఇంకోసారి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న మాట. కడుపునిండా విననీ. నా రెండేళ్ళకి బదులు నా పీపా తీసుకున్నాడా?"

"మెల్లిగా మాట్లాడు. నీ పీపా ఏంటి? గడువులో ఉన్న మనిషి పొగాకు అమ్మకూడదని తెలీదా? దాని మీద ఉన్నది నా గుర్తు."

"గుర్తు నీదేలే. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ కాళ్ళు చాపుకుని పడుకుంటే, ఆ బురద నేలచెక్కలో వంగి పురుగులు ఏరింది నేను."

"ఇప్పుడెవరు కాదన్నారు?"

"కాదన్నావని కాదు, చెప్పుకోవాలనిపిస్తోంది. ఎలాంటి ఆకు అది."

"దొర కూడా మెచ్చుకున్నాడు. ఇంత మంచి ఆకు ఎలా పండించావురా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను. నవ్వి ఊరుకున్నాను."

"పోన్లే. ఈ నెల దాటకుండా పెళ్ళయిపోవాలి గైల్స్."

"ఎందుకంత తొందర?"

"ఉందిలే ఒక సంగతి. ఇంటికెళ్ళాక చెబుతా. తలుపు పెట్టావా?"

"ఏ ఇంటికి?"

"ఏ ఇంటికేంటి, మనింటికి. వాగు పక్కన గుంజలు పాతానన్నావుగా."

"అదా. అది ఆపేశాను."

"ఆపేశావా? చలి వచ్చేస్తుంటే ఎక్కడుంటాం?"

"ప్రుడెన్స్ గారింట్లో."

"ఎవరు, మొన్న జ్వరంతో పోయినాయన భార్యా? ఆవిడ మనకెందుకు చోటిస్తుంది?"

"పెద్ద ఇల్లు. రెండు పొయ్యిలు. నది ఒడ్డునే పొలం. ఆవులు కూడా ఉన్నాయి."

"నేనడిగింది అది కాదు."

"ఒంటరిగా ఎలా ఉంటుంది, పాపం. ఈ అడవిలో మగదిక్కు లేకుండా..."

"గైల్స్. నా మొహం చూసి మాట్లాడు."

"చూస్తూనే ఉన్నా."

"ఓడని చూస్తున్నావు."

"ఆదివారం చర్చిలో పెళ్ళి ప్రకటన చదువుతారు. ఎవరో చెప్పేలోపు నేనే చెబుదామని..."

"ఎవరికి పెళ్ళి?"

"ఇక్కడ అందరూ ఇలాగే పైకొస్తున్నారు టామ్సిన్. పోయినవాడి పొలం, పోయినవాడి పెళ్ళాం. ఖాళీ చేతులతో మనిద్దరం ఏం చేస్తాం, చెప్పు?"

"నావి ఖాళీ చేతులా? పీపా నిండా ఇచ్చాను నీకు. నిన్ను నమ్మి ఇచ్చాను."

"దానికి తగ్గ పని చేశాను. దొర చేతిలోంచి నిన్ను తప్పించానా, లేదా?"

"తప్పించావు. అదొక్కటీ నిజమైతే చాలు. ఇంక నీ మొహం చూడను. నది దిగువన ఎక్కడో కూలి దొరక్కపోదు. వెళ్తున్నా."

"ఎక్కడికెళ్తావు? కూర్చో."

"నా ఇష్టం. నామీద ఎవడికీ అధికారం లేదిప్పుడు."

"ఉంది. నీ రెండేళ్ళూ నేను కొట్టేయించలేదు. నా పేరుకి మార్పించుకున్నాను."

"అంటే?"

"ప్రుడెన్స్‌కి పనిమనిషి కావాలి. పాలు పిండాలి, మొక్కజొన్న దంచాలి. తేలిక పనే."

"నా పొగాకుతో నన్నే కొన్నావా?"

"నీ పొగాకని పైకి అన్నావంటే కొరడా నీ వీపు మీదే పడుతుంది. నీ మంచికే చెబుతున్నా. ఆవిడ ముందు గైల్స్ అని పిలవకు. దొరా అను."

"ఏం మనిషివి నువ్వు? ఆ సంగతి సంతోషంగా చెబుదామని దాచుకున్నాను. నాకు నెల తప్పింది. బిడ్డ నీది. రేపు కడుపు కనిపిస్తే ఆవిడకేం చెబుతావు? వదిలెయ్ నన్ను. నీ పరువు కోసమైనా వదిలెయ్."

"తెలుసు. పొగాకు కొట్టంలో ఆ వాసనకే వాంతి చేసుకున్న రోజే తెలిసింది. దొరకింకా తెలీదు. తెలిస్తే నిన్ను అమ్మేవాడు కాదు."

"తెలిసి కూడా కొన్నావా? ఎందుకు?"

"పెళ్ళికాని పనిమనిషి బిడ్డని కంటే గడువు ఇంకో రెండేళ్ళు పెంచుతారు కదా టామ్సిన్. ఆ రెండేళ్ళూ నాకు ఊరికే వస్తాయి."